చవక ఓడా, లేవనక్కర్లేని భోజనమూ

కొనుగోళ్ళ అధికారిగారి ఇంట్లో రెండు ఓడల మంచిచెడ్డలను పరిశీలించి, వాటిలో ఏది ఎక్కదగినదో తేల్చడానికి ముగ్గురు సభ్యులతో ఒక సంఘం ఏర్పాటైందని యావన్మందికీ తెలియజేయడానికి సంతోషిస్తున్నాం. సంఘానికి అధ్యక్షులు అధికారిగారే. సభ్యులు ఆయన అక్కగారూ, తమ్ముడూ. రాతకోతలు చూసేందుకు కార్యదర్శిగా ఆయన కొడుకు. ఓడ ఎక్కించాలనుకున్నది ఆయన భార్యను కనుక ఆవిడకు మాత్రం సంఘంలో చోటివ్వలేదు. లబ్ధి పొందేవాళ్ళు నిర్ణయం జరిగేచోట కూర్చోకూడదన్నది కొనుగోళ్ళ శాఖలో మొట్టమొదటి నియమం. ఇంట్లో నియమం తప్పినవాడు ఆఫీసులో తప్పడని ఎవరు పూచీ పడతారు?

అధికారిగారి గురించి తెలియనివారు ఆ ఊళ్ళో లేరు. ప్రభుత్వం కొన్న వస్తువు ఏది కనిపించినా దాని వెనక ఆయన సంతకం ఉంటుంది. అందరికంటే తక్కువ ధర ఎవరు పలికితే వాళ్ళ దగ్గరే కొనాలన్నది ఆయన సిద్ధాంతం. ఆసుపత్రికి ఆయన కొన్న తోపుడు మంచాలు ఎడమవైపుకే తిరుగుతాయి. అందుకని ఆపరేషను గదిని ఎడమవైపుకు మార్చారు. బడికి కొన్న బెంచీలు ముగ్గురు కూర్చుంటే నిలబడతాయి, ఒకరు లేస్తే మిగతా ఇద్దరినీ కింద పడేస్తాయి. దానివల్ల పిల్లల్లో ఐకమత్యం పెరిగిందని ప్రధానోపాధ్యాయుడు సభలో మెచ్చుకున్నారు. పార్కులో దీపాలు పగటిపూట చక్కగా వెలుగుతాయి. వీటిలో వేటినీ అధికారిగారు స్వయంగా వాడి చూడలేదు. కొనేవాడు వాడకూడదు, వాడేవాడు కొనకూడదు, అప్పుడే నిష్పక్షపాతం నిలుస్తుందని ఆయన నమ్మకం. ఆ నమ్మకం మీదే ఆయన ఉద్యోగజీవితం మచ్చ లేకుండా గడిచింది.

పదవీ విరమణ దగ్గరపడుతున్న రోజుల్లో ఒక సాయంత్రం, భోజనాలయ్యాక, ఆయన మనసు ఎందుకో మెత్తబడింది. బల్ల మీద గిన్నెలు తీస్తున్న భార్యను చూసి, "ఇన్నేళ్ళూ నిన్ను ఏమీ అడగలేదు. నీకేం కావాలో కోరుకో" అన్నారు. ఆవిడ బల్ల తుడిచే గుడ్డ చేత్తో పట్టుకుని కాసేపు ఆలోచించింది.

"మధ్యలో లేవక్కర్లేకుండా ఒక్కపూట భోజనం చెయ్యాలనుందండీ" అంది.

మిగతా కోరిక ఏమిటోనని ఆయన ఎదురుచూశారు. మిగతాదేమీ లేదు. ఆవిడ బల్ల తుడవడం పూర్తి చేసి లోపలికి వెళ్ళిపోయింది.

ఆ రాత్రి అధికారిగారికి సరిగా నిద్ర పట్టలేదు. రోడ్డు రోలరు కావాలంటే ఎక్కడ కొనాలో ఆయనకు తెలుసు. లేవక్కర్లేని భోజనం ఏ విభాగం కిందకు వస్తుందో, ఎవరిని ధర అడగాలో తెలియలేదు. ఇంట్లో ఆవిడ మధ్యలో లేస్తుందన్న సంగతే ఆయన అంతవరకూ గమనించలేదు. వస్తువులు రావడం చూశారు గాని తెచ్చేవాళ్ళు లేవడం చూడలేదు. మర్నాడు ఆఫీసులో హెడ్ గుమాస్తాను పిలిచి మాటల్లో మాటగా అడిగారు. కిందటేడు ఓడలో తిరిగొచ్చిన హెడ్ గుమాస్తా, "ఓడలో అయితే బాగుంటుంది సార్. వడ్డించడానికి మనుషులుంటారు. లేచినా వెళ్ళడానికి వేరే చోటుండదు" అన్నాడు. అదీ సంగతి. కావలసిన వస్తువు ఓడ అని తేలిపోయింది.

అయితే ఆవిడొక్కతే ఎలా వెళ్తుందన్న ప్రశ్న వచ్చింది. భర్త తోడు వెళ్ళాలి. అధికారిగారూ ఆవిడా వెళ్ళిపోతే అక్కగారికి వేళకు మందులు ఎవరిస్తారు? అక్కగారూ రావాలి. తమ్ముడు ఆ ఇంట్లోనే మేడ మీద గదిలో ఉంటాడు. వచ్చిన పెళ్ళి సంబంధాలన్నిటినీ నాణ్యత చాలదని తిరగ్గొట్టి ఒంటరిగా మిగిలిన బీమా ఏజెంటు. అతనూ, ఉద్యోగం చేస్తున్న కొడుకూ ఇంట్లో ఉంటే వాళ్ళకు వంటెవరు చేస్తారు? ఆ విధంగా, వంటా వడ్డనా తప్పించుకోవడానికి ఆవిడ చెయ్యబోయే ప్రయాణానికి, ఆవిడ వండి వడ్డించేవాళ్ళందరూ వెంట వెళ్ళాలని తీర్మానమైంది. ఇందులో తప్పుపట్టవలసింది ఏమీ ఎవరికీ కనిపించలేదు.

ఓడ కంపెనీలు రెండు. రెండిటిదీ వారం రోజుల ప్రయాణమే. మొదటిది ఖరీదైనది. దాని రంగుల పుస్తకంలో తెల్లటి చేతితొడుగులు వేసుకున్న మనుషులు వంగి వడ్డిస్తుంటారు. ప్రయాణికులు చేతులు ఒళ్ళో పెట్టుకుని సముద్రాన్ని చూస్తుంటారు. రెండోది చవకది. ఆ కంపెనీవాళ్ళు నిజమే రాశారు, ఎందుకంటే అబద్ధాన్ని అందంగా రాయించాలంటే చాలా ఖర్చవుతుంది. గదికి కిటికీ ఉండదు. అన్నివైపులా ఒకే రకం నీళ్ళు కనుక చూసేదేమీ లేదని వివరణ. దుప్పటీ తువ్వాలూ ఎవరివి వాళ్ళే తెచ్చుకోవాలి. మంచినీళ్ళ కుళాయి ఓడ చివర ఒకటే. నడక ఆరోగ్యానికి మంచిది. పైన కుర్చీలు వంతులవారీగా ఇస్తారు. వడ్డించేవాళ్ళు లేరు, పళ్ళెం పట్టుకుని వరసలో నిలబడి చల్లారిన కూర పెట్టించుకోవాలి, తిన్నాక కడిగి పెట్టాలి. సిబ్బంది నవ్వుతూ పలకరించాలంటే దానికి వేరే రుసుము.

ఆ ధర చూడగానే అధికారిగారి చెయ్యి అలవాటుగా కలం కోసం వెతుక్కుంది. కానీ ఈసారి వాడేవాళ్ళలో ఆయనా ఉన్నారు. జీవితంలో మొదటిసారి ఆయన కలానికి మూత పెట్టేశారు. సంతకం పెట్టలేక, సంఘం వేశారు.

సంఘం మొదటి సమావేశం భోజనాల బల్ల దగ్గర జరిగింది. అక్కగారు అధ్యక్షులవైపు తిరిగి, "చూడు తమ్ముడూ, మనది మర్యాదగల కుటుంబం. పళ్ళెం పట్టుకుని వరసలో నిలబడటం మా పుట్టింట్లోనూ లేదు, మెట్టినింట్లోనూ లేదు. కూర్చున్నచోటికి అన్నీ రావాలి. అది గర్వం కాదు, అలవాటు" అన్నారు.

బీమా తమ్ముడు లేచి నిలబడ్డాడు. అతనికి కూర్చుని మాట్లాడితే మాటలు రావు.

"అన్నయ్యా, ఓడ ప్రయాణంలో ప్రమాదాలు రెండు. ఒకటి మునగడం, రెండోది మునగకపోవడం. మునిగితే ఖరీదైన ఓడైనా చవక ఓడైనా ఒకటే కాబట్టి చవకదే లాభం. మునగలేదనుకో, వారమంతా బతికుండి ఆ చల్లారిన కూర తినాలి. చిక్కంతా అక్కడే వచ్చింది" అన్నాడు.

అందరూ తలలూపారు. కొడుకు ఫోనులోంచి తలెత్తకుండా తనకు ఏదైనా ఒకటేనని, గదిలోకి టీ తెచ్చిస్తే చాలని చెప్పాడు. అదే సమయంలో తల్లి టీ తెచ్చి అతని పక్కన పెట్టి వెళ్ళింది గనుక అతని అభిప్రాయాన్ని సంఘం సహేతుకంగా భావించింది.

ఎటూ తేలకపోయేసరికి అధికారిగారు శాఖ నియమావళిని ఆశ్రయించారు. సందేహం వచ్చినప్పుడు నమూనా తెప్పించి పరీక్షించాలి. ఓడ నమూనా పంపమంటే కంపెనీవాళ్ళు ఒప్పుకోరు. కాబట్టి ఇంటినే వారం రోజులపాటు చవక ఓడగా ప్రకటిస్తూ అధ్యక్షులు ఉత్తర్వు జారీ చేశారు. కిటికీ లేని సామాన్ల గది, అధికారి దంపతుల గది అయింది. పెరట్లో కుళాయి ఒక్కటే మంచినీళ్ళ కుళాయి. తువ్వాళ్ళు ఎవరివి వాళ్ళు వెతుక్కోవాలి. ఎవరి పళ్ళెం వాళ్ళు తెచ్చుకోవాలి, ఎవరిది వాళ్ళు కడుక్కోవాలి. ఓడలో వంటవాడుంటాడు గనుక ఆ పని భార్యకే అప్పగించారు. గిన్నెలు బల్ల మీద పెట్టి, ఓడలోలాగే కూర చల్లారాక గంట కొట్టగానే ఆవిడ వంటవాడి ఉద్యోగంలోంచి తప్పుకుని ప్రయాణికురాలు అయిపోవాలి.

నిబంధనలు విన్నాక ఆవిడ ఒకే ఒక్క సందేహం అడిగింది. "అంటే నేను ఎవరికీ ఏమీ అందివ్వకూడదాండీ?"

"కూడదు. నిబంధనలకు విరుద్ధం."

"అడిగితే?"

"అడిగినా కూడదు. నువ్వు జాలిపడి ఇచ్చావంటే పరీక్ష చెల్లదు."

"సరేనండీ. పరీక్ష పాడుచెయ్యను" అంది ఆవిడ. గొంతులో కాస్త తొందర వినిపించింది. భార్యకు ప్రభుత్వ విధానాల మీద ఇంత శ్రద్ధ ఉందని అధికారిగారు అనుకోలేదు.

ఓడ కదిలింది. మొదటి పూట గంట కొట్టగానే అందరూ వచ్చి బల్ల దగ్గర కూర్చున్నారు. బల్ల మీద గిన్నెలున్నాయి, పళ్ళాలు లేవు. అక్కగారు చేతులు ఒళ్ళో పెట్టుకుని వంటింటి గుమ్మంవైపు చూశారు. తమ్ముడు చూశాడు. కొడుకు ఫోను చూసి, తర్వాత గుమ్మంవైపు చూశాడు. ఆ గుమ్మంలోంచి అధికారిగారి భార్య తన పళ్ళెం ఒక్కటే పట్టుకుని వచ్చి, వడ్డించుకుని, గోడవైపు కుర్చీలో కూర్చుని తినడం మొదలుపెట్టింది. మిగిలినవాళ్ళకు విషయం అర్థం కావడానికి కొంతసేపు పట్టింది. పళ్ళాలు ఎక్కడుంటాయన్నది చర్చకు వచ్చింది. తమ్ముడు పుస్తకాల బీరువా తెరిచి చూశాడు.

ఆ వారంలో జరిగిన కష్టనష్టాలు చెప్పుకుంటే కళ్ళు చెమరుస్తాయి. అధికారిగారు తడి ఒంటితో తువ్వాలు కోసం తమ ఇంట్లోనే అపరిచితుడిలా తిరిగి, ఇన్నేళ్ళుగా తాము కాపురముంటున్న ఇంట్లో ఒక బీరువా ఉందని కనుగొన్నారు. కొడుకును భోజనానికి ఎవరూ పిలవకపోవడం వల్ల, భోజనం వేళ అయిందని అతనికి తెలియలేదు. ఆకలి వేస్తోందని మాత్రం స్నేహితులందరికీ ఫోనులో తెలియజేశాడు. తమ్ముడు తన చొక్కా తానే ఇస్త్రీ చేసుకుని, దాని వీపు మీద ఇస్త్రీపెట్టె ఆకారంలో మచ్చతో బీమా అమ్మడానికి వెళ్ళాడు. ఆ రోజు అగ్నిప్రమాద బీమాలు బాగా అమ్ముడయ్యాయి. అక్కగారు నీళ్ళకోసం పెరట్లోకి వెళ్ళి అలసిపోయి, అక్కడే కుర్చీ వేయించుకుందామని చూస్తే, వేసేవాళ్ళెవరూ దొరకలేదు. చేత్తో పళ్ళెం కడుగుతున్నప్పుడు కొడుకు ముఖంలో కనిపించిన దైన్యం చూసి అధికారిగారికి కడుపు తరుక్కుపోయింది.

ఆవిడ మాత్రం తినేది. పూటపూటా కూర్చుని, నెమ్మదిగా, చివరిదాకా తినేది. ఒకరోజు బల్లకు అటు చివర కూర్చున్న అధికారిగారి చూపు అనుకోకుండా ఆవిడ మీద పడింది. భార్య భోజనం చేస్తుండగా చూడటం ఆయనకు అదే మొదటిసారి. ముద్ద నోట్లో పెట్టుకుని కళ్ళు కాస్త మూసుకుంటుంది. కూర రెండోసారి వేసుకుంటుంది. గిన్నె అడుగున మాడిన ముక్కలంటే ఆవిడకు ఇష్టమని కూడా ఆయనకు అప్పుడే తెలిసింది. ఆయనకు ఎందుకో సిగ్గేసింది. పరాయి మనిషి గదిలోకి తలుపు తట్టకుండా వెళ్ళినట్టనిపించి చూపు తిప్పుకున్నారు. ఇది నివేదికలో ఏ అంశం కింద రాయాలో తోచక రాయలేదు.

వారం గడవగానే సంఘం సమావేశమైంది. చవక ఓడలో ప్రయాణం మనుషులు భరించగలిగింది కాదని సభ్యులు ముక్తకంఠంతో చెప్పారు. "మనిషిని మనిషిగా చూసేవాళ్ళే లేరు తమ్ముడూ. గ్లాసెడు నీళ్ళకు దిక్కులేదు" అని అక్కగారు కొంగుతో కళ్ళొత్తుకున్నారు. బీమా తమ్ముడు మళ్ళీ లేచి, "ఒక్కమాటలో చెప్పాలంటే, అన్నయ్యా, అక్కడ ప్రయాణికుడి విలువ వంటింట్లో గరిటెపాటి కూడా లేదు" అన్నాడు. ఆ ఉపమానం బాగుందని కొడుకు రాసుకున్నాడు. ఆ మాట ఎవరికీ ఎక్కడా తగల్లేదు.

చివరగా, న్యాయం కోసం, లబ్ధిదారును సాక్షిగా పిలిచారు. ఆవిడ గుమ్మం దగ్గరే నిలబడింది.

"ఈ వారం నీకెలా ఉంది?" అని అడిగారు అధ్యక్షులు.

"బాగుందండీ."

"కిటికీ లేని గదిలో ఊపిరాడలేదా?"

"వంటింటికి మాత్రం కిటికీ ఎక్కడుందండీ? అలవాటే."

"కూర చల్లారిపోయి ఉండేది కదా?"

"నాకు వేడిగా ఎలా ఉంటుందో తెలియదు. నావంతు వచ్చేసరికి ఎప్పుడూ చల్లగానే ఉంటుంది." ఆవిడ కొంగుతో చేతులు తుడుచుకుని, "ఈ పరీక్ష ఇంకో వారం పొడిగించడానికి వీలవుతుందాండీ?" అంది.

పొడిగింపుకు నియమాలు ఒప్పుకోవని అధ్యక్షులు చెప్పి, పరీక్ష ఆ క్షణంతో ముగిసినట్టు ప్రకటించి, గొంతు ఎండిపోయిందన్నారు. మరుక్షణం టీ వచ్చింది. ఓడ మళ్ళీ ఇల్లయింది.

అప్పుడు అధికారిగారి మెదడులో మెరుపులాంటి ఆలోచన పుట్టింది. ముప్ఫయ్యేళ్ళ అనుభవం ఊరికే పోదు. నలుగురు ప్రయాణికులు చవక ఓడను తిరస్కరించారు. ఒక ప్రయాణికురాలికి దానిమీద ఒక్క ఫిర్యాదు కూడా లేదు. ఫిర్యాదు లేనిచోట ఎక్కువ ఖర్చు పెట్టడం దుబారా. ఎవరి సహనశక్తిని బట్టి వాళ్ళకు ఓడ. నలుగురికి ఖరీదైనదీ, ఆవిడకు చవకదీ. రెండూ ఒకే రేవు నుంచి ఒకే రోజు బయలుదేరుతాయి, ఒకే రోజు తిరిగొస్తాయి. నాణ్యతా నిలిచింది, తక్కువ ధర సిద్ధాంతమూ నిలిచింది. తీర్మానం ఏకగ్రీవంగా ఆమోదం పొందింది. ఈ యాత్ర ఎవరికోసం మొదలైందో ఆ సమయానికి ఎవరికీ గుర్తులేదు, అడిగేవాళ్ళూ లేరు.

రేవులో బీమా తమ్ముడు నాలుగు మాటలు మాట్లాడాడు. "వదినా, నీ త్యాగం మా అందరికీ ఆదర్శం. నువ్వు ఆ ఓడ ఎక్కుతున్నావు కాబట్టే మేం ఈ ఓడ ఎక్కగలుగుతున్నాం" అన్నాడు. అందులో అబద్ధం ఒక్కటీ లేదు.

ఆవిడ దుప్పటి మూట చంకన పెట్టుకుని, భర్తను పక్కకు పిలిచింది. "ఏమండీ, ఈ రెండు ఓడలూ సముద్రంలో ఎక్కడా కలవవు కదా?"

గుద్దుకుంటాయని భయపడుతోంది కాబోలు అనుకుని ఆయన జాలిపడ్డారు. "కలవవు. రెండూ వేరే దారుల్లో వెళ్తాయి. నిశ్చింతగా ఉండు" అన్నారు. ఆవిడ ముఖం నిజంగానే నిశ్చింతగా మారిపోయింది. తన మాటకు ఇంత బలముందా అని ఆయన మురిసిపోయారు.

ఖరీదైన ఓడ గురించి చెప్పుకోవడానికి పెద్దగా ఏమీ లేదు. చేతితొడుగుల మనుషులు ఉన్నారు, వంగారు, వడ్డించారు. అయినా రెండోరోజుకే నలుగురిలోనూ ఏదో వెలితి. కారణం మొదట కనిపెట్టింది అక్కగారు. "వీళ్ళు అడుగుతున్నారు తమ్ముడూ. టీలో చక్కెర ఎంత వెయ్యమంటారని అడుగుతున్నారు. ఇన్నేళ్ళుగా నన్ను ఆ మాట అడిగినవాళ్ళు లేరు" అన్నారు. నిజమే. ఇంట్లో అడగకముందే వచ్చేవన్నీ, ఇంత డబ్బు పోసిన ఓడలో అడిగితే వస్తున్నాయి. కొడుకు నిద్రపోతుంటే కాళ్ళమీద దుప్పటి ఎవరూ కప్పడం లేదు. అక్కగారి మందులు వేళకు వాటంతటవి అరచేతిలోకి రావడం లేదు. కంపెనీకి ఘాటుగా ఫిర్యాదు రాయాలని తమ్ముడు ప్రతిపాదించాడు.

అధికారిగారి చిక్కు వేరు. భోజనాల హాల్లో చేతితొడుగుల మనిషి వంగి, "మీకేది ఇష్టం సార్?" అని అడిగాడు. తనకేది ఇష్టమో ఆయనకు తెలియదు. ఆ సంగతి తెలిసిన మనిషి వేరే ఓడలో ఉంది. "పక్కాయనకు ఏది పెడితే అదే పెట్టు" అన్నారు చివరికి. ఆ రాత్రి కిటికీలోంచి చీకటి సముద్రాన్ని చూస్తూ ఆయన భార్య మీద బెంగ పెట్టుకున్నారు. ఇది బెంగేనా, అసౌకర్యమా అని తనను తాను నిజాయితీగా ప్రశ్నించుకున్నారు. తేడా తెలుసుకునే పరీక్ష ఏదీ నియమావళిలో లేదు.

తిరిగొచ్చిన రోజు నలుగురూ రేవులో నిలబడ్డారు. చవక ఓడ ఆలస్యంగా వచ్చింది. దాని ఇంజను కూడా ఎవరో తక్కువ ధరకే కొని ఉంటారు. ఆవిడ దిగింది. ఎండకు నల్లబడింది, జుట్టు రేగిపోయింది. పక్కన ఇద్దరు ముగ్గురు ఆడవాళ్ళతో ఏదో మాటకు పగలబడి నవ్వుతోంది. ఆ నవ్వు ఎవరిదోనని అధికారిగారు ముందు వేరేవైపు చూశారు.

"ఎలా ఉంది?" అని అడిగారు.

"కూర చల్లగా ఉండేది. కుర్చీ దొరకడం కష్టం. పలకరించేవాడు లేడు, పట్టించుకునేవాడు లేడు" అంది ఆవిడ ఆనందంగా.

"అయ్యో" అన్నారు అక్కగారు.

"ఇంతకీ నువ్వడిగిన భోజనం చేశావా? మధ్యలో లేవకుండా?" అధికారిగారికి ఉన్నట్టుండి గుర్తొచ్చింది. గుర్తొచ్చినందుకు తనను తాను మెచ్చుకున్నారు కూడా.

ఆవిడ నవ్వు కాస్త తగ్గింది. "మొదటిరోజు లేచానండీ. పక్క బల్ల దగ్గర ఎవరో ముసలాయన నీళ్ళకోసం అటూ ఇటూ చూస్తున్నాడు. నేను లేవాలనుకోలేదు. కాళ్ళు వాటంతటవే లేచాయి. అంత దూరం వెళ్ళి కుళాయి దగ్గర పట్టి తెచ్చిచ్చాను. ఆయన నావైపు చూడను కూడా చూడలేదు. తిరిగొచ్చి నా పళ్ళెం ముందు కూర్చుని ఏడ్చాను. నన్నెవరూ లేపలేదు కదా, అయినా లేచానే అని. మర్నాటినుంచి పళ్ళెం గదిలోకి తెచ్చుకుని తలుపేసుకుని తిన్నాను. కిటికీ కూడా లేదు కాబట్టి ఎవరూ కనిపించరు. నెమ్మదిగా నా కాళ్ళకు అలవాటైంది."

నలుగురూ ఆవిడ పడ్డ కష్టానికి నొచ్చుకున్నారు. కిటికీ లేని గదిలో ఒంటరిగా తినవలసి వచ్చిందంటే మామూలు విషయం కాదు. ఇంటికి వెళ్ళగానే అన్నీ సర్దుకుంటాయని తమ్ముడు ధైర్యం చెప్పాడు.

ఆ సాయంత్రమే సంఘం తుది నివేదిక చదివారు. భోజనాల వేళ అది. ఆవిడ వండింది, బల్ల మీద పెట్టింది. ఖరీదైన ఓడలో సౌకర్యాలు ఉన్నా అడిగి తీసుకోవలసి వస్తుంది. చవక ఓడలో అడిగినా ఉండవు. అడగకుండానే అన్నీ అమరేది ఒక్క ఇంట్లోనే, అదీ ఉచితంగా. కాబట్టి ఇంటిని మించిన ఓడ లేదని సంఘం నిర్ధారించింది. అక్కగారు చప్పట్లు కొట్టారు. ఆ ఊపులో అధికారిగారి గుండె ఉప్పొంగింది. గరిటె పట్టుకుని నిలబడ్డ భార్యను చూసి, "ఇవాళ నువ్వూ మాతోపాటే కూర్చో" అన్నారు. అంత ఉదారంగా ఆయన ఏనాడూ మాట్లాడలేదు. కొడుకు ఫోను కింద పెట్టి తండ్రిని గౌరవంగా చూశాడు.

ఆవిడ గరిటె గిన్నెలో పెట్టి, చేతులు కడుక్కుని వచ్చి కూర్చుంది. వడ్డించుకుంది. మొదటి ముద్ద వేడిగా ఉంది. ఆవిడ ముఖం అదోలా వెలిగింది.

"నీళ్ళు" అన్నాడు తమ్ముడు. ఎవరితోనూ కాదు, గాలితో అన్నాడు. అతని గ్లాసు ఖాళీగా ఉంది.

ఆవిడ మోకాళ్ళు బల్ల కింద ఒకసారి కదిలాయి. ఆవిడ ఎడమచేత్తో కుర్చీని గట్టిగా పట్టుకుంది. "తింటున్నాను బాబూ" అంది. మెల్లగానే అంది. ఇంకో ముద్ద కలుపుకుంది.

అందరూ గ్లాసువైపు చూశారు. తమ్ముడు దాన్ని కొంచెం ముందుకు జరిపాడు, బహుశా కనిపించలేదేమోనని. అక్కగారు దగ్గారు. కొడుకు తండ్రివైపు చూశాడు. అధికారిగారు ఖాళీ గ్లాసునూ, తింటున్న భార్యనూ మార్చి మార్చి చూసి, ఇది చాలా సున్నితమైన అంశమనీ, తొందరపడకూడదనీ, లేవవలసింది ఎవరో అన్ని కోణాల నుంచీ పరిశీలించి తేల్చడానికి మరో సంఘం వెయ్యక తప్పదనీ ప్రకటించారు.

సంఘం ఇప్పటికీ పనిచేస్తోంది. గ్లాసు ఇప్పటికీ ఖాళీగానే ఉంది. సంఘంలో సభ్యులుగా ఇంకొందరిని చేర్చుకోవాలనుకుంటున్నారు కనుక, ఆసక్తిగల పాఠకులు దరఖాస్తు రాసుకోవచ్చు. అది అందజేయడానికి మీరు కూర్చున్న కుర్చీలోంచి లేవనవసరం లేదు. లోపలికి వినబడేలా ఒక్క కేక వెయ్యండి. చేతిలో పనో, పళ్ళెంలో ముద్దో వదిలేసి ఎవరో ఒకరు వచ్చి పట్టుకెళ్తారు.